సీటు వేరు, చోటు వేరు

ముస్లిం అభ్యర్థి ఓడిపోయిన ప్రతిసారీ ఓటర్లను తప్పుపట్టడం మన రాజకీయ పక్షాలకు అలవాటుగా మారింది. ఓట్లు చీల్చుకున్నారనీ, మనలో ఐక్యత లేదనీ మనకే హితబోధ చేస్తారు. 2023 శాసనసభ ఎన్నికల్లో నిజామాబాద్ అర్బన్ ఫలితాన్ని పరిశీలిస్తే, లోపం పోలింగ్ కేంద్రంలో కన్నా ముందుగా టికెట్లు పంచిన చోటే కనిపిస్తుంది.

మహ్మద్ అలీ షబ్బీర్ కొత్త నాయకుడు కాదు. 1989లోనూ, 2004లోనూ కామారెడ్డి నుంచి గెలిచి రెండుసార్లూ మంత్రి అయ్యారు. శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడిగా వ్యవహరించారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ముస్లిం రిజర్వేషన్లకు పూనుకున్నప్పుడు ఆ ప్రయత్నంలో ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. న్యాయస్థానాల్లో ఎదురుదెబ్బలు తిన్న తరువాత, 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ పేరిట 4 శాతం చట్టం వచ్చింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల అండతో అది అమలవుతూ వచ్చింది.

2018లో ఆయన కామారెడ్డిలో ఓడింది ఐదు వేల లోపు ఓట్ల తేడాతోనే. అటువంటి నాయకుడిని 2023లో నామినేషన్ల గడువు దగ్గరపడుతుండగా నిజామాబాద్ అర్బన్‌కు పంపారు. కామారెడ్డిలో కేసీఆర్‌పై పోటీకి కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షుడు రేవంత్ రెడ్డి దిగారు. చివరకు అక్కడ ఆ ఇద్దరూ ఓడి, బీజేపీ అభ్యర్థి గెలిచారు.

నిజామాబాద్ అర్బన్‌లో బీజేపీకి సుమారు 75 వేల ఓట్లు వచ్చాయి. షబ్బీర్ అలీకి 60 వేలకు చేరువగా, బీఆర్‌ఎస్ సిట్టింగ్ శాసనసభ్యునికి 44 వేలకు పైగా వచ్చాయి. ఈ లెక్క చూపి ముస్లింలను నిందించడం న్యాయం కాదు. ఆ 44 వేలూ మన ఓట్లు కావు. రెండుసార్లు గెలిచిన అభ్యర్థికి తనవారంటూ ఉంటారు. కొత్త నియోజకవర్గంలో గల్లీగల్లీకీ పరిచయం కావడానికి మూడు వారాలు ఏమాత్రం చాలవు.

ఇది ఒక్క వ్యక్తి గెలుపోటముల ప్రశ్న కాదు. అధికారంలోకి వస్తే 4 శాతం రిజర్వేషన్లను రద్దు చేస్తామని బీజేపీ ఆ ఎన్నికల్లో బాహాటంగానే ప్రకటించింది. 119 మంది సభ్యుల సభకు ఏడుగురు ముస్లింలు ఎన్నికయ్యారు. ఏడుగురూ హైదరాబాద్ నుంచి గెలిచిన మజ్లిస్ సభ్యులే. కాంగ్రెస్ నుంచి గాని, బీఆర్‌ఎస్ నుంచి గాని ఒక్కరూ లేరు. 2023 డిసెంబరు 7న కొలువుదీరిన మంత్రివర్గంలోనూ ముస్లిం లేరు. 2025 అక్టోబరు 31న అజహరుద్దీన్ ప్రమాణస్వీకారం చేసేదాకా, దాదాపు రెండేళ్లు, ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. అదీ జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ముంగిట్లోకి వచ్చాక!

షబ్బీర్ అలీకి 2024 జనవరిలో ప్రభుత్వ సలహాదారు పదవి దక్కింది. సలహాను వినవచ్చు, వినకపోనూవచ్చు. సభలో వేసిన ఓటును మాత్రం లెక్కించక తప్పదు.

కనుక మేము కోరేది స్పష్టం. జాబితాలో పేర్ల సంఖ్య చూపి మమ్మల్ని తృప్తిపరచవద్దు. ముస్లిం అభ్యర్థిని తాను పనిచేసిన చోటే, తగిన వ్యవధి ఇచ్చి నిలబెట్టండి. మన వంతు కర్తవ్యమూ ఉంది. వార్డులలో, గ్రామ పంచాయతీలలో మన యువతీయువకులను నాయకులుగా తీర్చిదిద్దుకోవాలి. ఎన్నికల వేళ గుమ్మం ముందుకు వచ్చే ప్రతి పార్టీనీ, ముస్లిం అభ్యర్థినైనా సరే, రిజర్వేషన్ల రక్షణకు ఏం చేశారని అడగాలి. అడగనివారికి సీటు దొరికినా చోటు దొరకదు.