మొదటి కాగితం ఏది?

ఐటిఐ పాసై ఊళ్ళోనే ఉన్నవాళ్ళు, డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయినా ఏ దారీ తోచనివాళ్ళు మన వాడల్లో ఎందరో. వీళ్ళకోసం పట్నంలో సర్టిఫికెట్ల సంత నడుస్తోంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. గోడలు కనపడవు, బోర్డులే కనపడతాయి. ఏ ప్లస్, సిసిఎన్ఏ, క్లౌడు, సైబర్ సెక్యూరిటీ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ, మూడు నెలల్లో ఉద్యోగం అంటాడు. అమ్మ చెవికమ్మలు అమ్మి ఆ ప్యాకేజీకే కడుతున్నారు. అందుకే ముందు ఏది నేర్చుకోవాలి, దేనికి డబ్బు కట్టాలి అన్నది మనం కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఐటి సపోర్టు అంటే ప్రోగ్రాములు రాసే పని కాదు. ఆఫీసులో కంప్యూటరు ఆన్ కాదు, ప్రింటరు కదలదు, నెట్టు రాదు, ఎవరో పాస్‌వర్డు మర్చిపోయారు. అప్పుడు ఫోనెత్తేదీ, లేచొచ్చి చూసేదీ ఈ మనిషే. పంపుసెట్టు ఆడకపోతే మెకానిక్కు మొదటే మోటారు విప్పడు. కరెంటు ఉందా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు పడుతోందా అని వరసగా చూస్తాడు. ఇక్కడా ఆ వరసే అసలు చదువు.

పని వస్తే చాలు, కాగితమెందుకు అనే పెద్దమనుషులున్నారు. వాళ్ళకేం, చెప్తారు. వాళ్ళ మేనమామ కంపెనీలో మేనేజరు, వాళ్ళ బావమరిది ఫోను చేస్తే ఇంటర్వ్యూ దొరుకుతుంది. మనకు ఆ ఫోను చేసేదెవరు? ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషను లేదు. ఊరిపేరు, ఇంటిపేరు అడిగి లెక్కలు కట్టే చోట, పరీక్ష పాసయ్యాడన్న కాగితం కనీసం గుమ్మం దాకా తీసుకుపోతుంది. లోపలికి పోయాక పనే మాట్లాడాలి.

మరి మొదటిదేది? నా మటుకు ఏ ప్లస్ అంటాను. అమెరికాకు చెందిన కాంప్టియా 1993లో మొదలుపెట్టిన పరీక్ష ఇది. రెండు పేపర్లు. ఒకదాంట్లో హార్డువేరు, నెట్‌వర్కు, మొబైళ్ళు. రెండోదాంట్లో విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు, భద్రత, వాడేవాళ్ళతో మసలే తీరు. ఒక్కో పేపరుకు 90 నిమిషాలు, ప్రశ్నలు 90కి మించవు. 900కి మొదటిదాంట్లో 675, రెండోదాంట్లో 700 రావాలి. రెండూ పాసైతేనే సర్టిఫికెట్టు. అంటే ఫీజూ రెండుసార్లే, అదీ డాలర్ల లెక్క. తెలుగులో పరీక్ష లేదు. 2025 మార్చిలో కొత్త సిలబస్ వచ్చింది, దాని నంబర్లు 220-1201, 220-1202. పాత పుస్తకాలు అంటగట్టేవాళ్ళుంటారు, నంబరు చూసి కొనండి. సిలబస్ మొత్తానికీ ప్రొఫెసర్ మెసర్ పాఠాలు యూట్యూబులో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషే గానీ, ఆపి ఆపి వింటే పట్టుబడుతుంది.

సిసిఎన్ఏకే మన దగ్గర విలువెక్కువ కదా అంటారు. ఆ మాటలో నిజముంది. నెట్‌వర్కు పనికి పోదలచినవాడు చివరికి అది రాయాల్సిందే. కానీ అది రౌటర్లు, స్విచ్‌ల చదువు. కంప్యూటరు మూత తీసి చూడనివాడు దాంతో మొదలుపెడితే, అర్థంకాక డంపులు పట్టుకుంటాడు. డంపులంటే దొంగతనంగా బయటికొచ్చిన ప్రశ్నల కట్టలు. వాటితో రాసినట్టు తేలితే సర్టిఫికెట్టు రద్దు చేసే హక్కు కంపెనీకుంది. తేలకపోయినా ఇంటర్వ్యూలో దొరికిపోతాడు. ‘ఈ కంప్యూటరుకు 169.254తో మొదలయ్యే అడ్రసు వచ్చింది, నెట్టు లేదు, ఏం చేస్తావు?’ అని అడుగుతారు. అడ్రసులు పంచే డిహెచ్‌సిపి సర్వరు అందక, కంప్యూటరు తనకు తానే పెట్టుకున్న అడ్రసు అది. కేబులు చూడాలి, పక్క కంప్యూటరుకు నెట్టుందో లేదో చూడాలి, తర్వాత సర్వరు సంగతి. బట్టీపట్టినవాడు ఇక్కడ నోరు తెరవలేడు.

ఇంకో ఆనవాలు. ఏ ఇన్‌స్టిట్యూటయినా ఇప్పటికీ ఎంసిఎస్ఈ నేర్పుతామంటే వెనక్కొచ్చేయండి. ఆ సర్టిఫికెట్టును మైక్రోసాఫ్టు 2021 జనవరిలో ఆపేసింది.

చేతిలో డబ్బులేనివాళ్ళ మాటేమిటి? చదివేది ఏ ప్లస్ సిలబసే, పరీక్ష తర్వాత రాయొచ్చు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో హార్డువేరు, నెట్‌వర్కు మొదటి పాఠాలు ఉచితం. గూగుల్ 2018లో కోర్సెరాలో పెట్టిన ఐటి సపోర్టు కోర్సుకు నెలనెలా ఫీజుంది, ఆర్థిక సహాయానికి అర్జీ పెట్టుకునే వీలూ ఉంది. పది పాసైన పిల్లలకు ఐటిఐలో కంప్యూటర్ హార్డువేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ అనే ట్రేడు ఒక ఏడాది. అది ఏ ఐటిఐలో ఉందో కనుక్కోవడం సంఘం కార్యకర్తల పని. అది చేసినవాళ్ళు స్టైపెండు మీద అప్రెంటిస్ కావచ్చు, 1961 అప్రెంటిస్ చట్టంలో ఎస్సీ, ఎస్టీలకు సీట్ల కేటాయింపు కూడా రాసి ఉంది. అడిగితేనే ఇస్తారు, అది వేరే సంగతి. పాత కంప్యూటరొకటి సంఘం ఆఫీసులో పడుంటే పిల్లల చేతికివ్వండి. విప్పి బిగించనీయండి. చెడిపోతే చెడిపోతుంది.

పరీక్ష ఫీజు కట్టేముందు రెండు మూడు మాటలు. ఏ ప్లస్సయినా సిసిఎన్ఏ అయినా మూడేళ్ళే చెల్లుతుంది. ఉద్యోగాలకు తిరిగే తీరిక లేనప్పుడు, పొలం పనుల మధ్యలో రాసేసి గడువు కరగబెట్టుకోవద్దు. ఇంటి దగ్గరే కూర్చుని రాయొచ్చని ఆశపెడతారు. తలుపు మూసిన గది కావాలి, పరీక్ష అయ్యేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, కెమెరాలో చూస్తుంటారు. ఎవరయినా వస్తే పరీక్ష ఆపేస్తారు, కట్టిన డబ్బూ పోవచ్చు. ఒకే గదిలో ఆరుగురుండే ఇళ్ళకు అది కుదిరే పని కాదు. బస్సు ఛార్జీ అయినా సరే సెంటరుకే పోయి రాయండి. రిజిస్ట్రేషన్‌లో పేరు గుర్తింపు కార్డులో ఎట్లా ఉందో అట్లాగే రాయాలి. మన పిల్లలకు మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండటం మామూలే. ఆ తేడా ఉంటే నెలముందే దిద్దించుకోండి.