ఎందరిని కాదు, ఎవరిని?

వర్తకునకు తూకపురాయి ఎట్టిదో, పెద్ద కంపెనీలకు మార్కెట్ పరిశోధన అట్టిది. రాయి తప్పైనచో తూచినదంతయు తప్పే. మన దేశమున 1950లో మహలనోబిస్ గారు జాతీయ నమూనా సర్వేను ప్రారంభించిరి. 1960లో విక్రమ్ సారాభాయి గారు బరోడాలో ఆపరేషన్స్ రీసెర్చ్ గ్రూపును నెలకొల్పిరి. నాటినుండి ఇట్టి సంస్థలు పెరుగుచునే యున్నవి. పని పెరిగినప్పుడెల్ల ఇల్లిల్లు తిరిగి ప్రశ్నలడుగు సిబ్బందిని చేర్చుకొనుచుందురు. ఎందరిని చేర్చుకొనిరని పత్రికలు వ్రాయును. ఎవరిని చేర్చుకొనిరని మనము అడుగవలెను.

ఈ పరిశోధనలో కొన్ని యిండ్లను మాత్రమే అడిగి, ఆ జవాబులనే వేల యిండ్ల మాటగా లెక్కింతురు. కావున ఒక యింట జరిగిన పొరపాటు ఆ యింటితో ఆగదు. కోరమండల్ మొదలు ముళబాగిలు వరకు ఇంట తెలుగు, బడిలో కన్నడము గల కుటుంబములు అనేకము. గనుల పేటలలో తమిళము మెండు. మన యిల్లాలు "మంచినూనె" అనిన ఒక యింట నువ్వులనూనె, వేరొక యింట వంటనూనె యని అర్థము. భాష నెరుగనివాడు "మేలురకపు నూనె" యని వ్రాసికొని పోవును. ఆ లెక్కను నమ్మి పంపిన సరకు మన అంగళ్లలో దుమ్ము పట్టును. కావలసిన సరకు రాదు.

ఇది కన్నడముపై కలహము కాదు. రాష్ట్రభాషను మన బిడ్డలు చక్కగా నేర్వవలసినదే. అయినను కొనువారి మనసు తెలియగోరువాడు వారి మాటలోనే అడుగుట న్యాయము, లాభము కూడ.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిదప మన యువకులు పనికై మారికుప్పము రైలెక్కి బెంగళూరు పోవుట వాడుకయైనది. మూడు భాషలు వచ్చిన మన యువతీయువకులకు ఊరిదగ్గరనే దొరకదగిన పని యిది. కాని పూరించిన పత్రమునకింత యని కూలి యిచ్చుట ఈ వృత్తిలో కలదు. కావున నియామకపత్రము, గుర్తింపు కార్డు, దారిఖర్చు, జీతపు గడువు ముందే వ్రాతమూలమున పొందవలెను. స్త్రీలను చీకటిపడిన పిదప ఒంటరిగా పంపరాదు. మనవారును ఇంట కూర్చుండి జవాబులు కల్పింపరాదు. మరల విచారించి పట్టుకొందురు, అపకీర్తి ఊరందరిదగును.

మన సంఘము మూడు భాషలెరిగిన యువజనుల పట్టిక సిద్ధపరచి ఈ సంస్థలకు పంపవలెనని నా మనవి. పిలుపు వచ్చువరకు వేచియుండుట వర్తకుని నీతి కాదు.