క్లచ్చుకు తెలుగు రాదా?

"పద్యం చెప్పుకొనే అయ్యవారికి క్లచ్చుతో పనేమిటి?" అని ఒక మిత్రుడు ఎత్తిపొడిచారు. పని ఉంది. క్లచ్చును గురించి తెలుగులో చెప్పడం కుదరదనే వారితో అంతకన్న పెద్ద పని ఉంది.

మా మైపాడు దారిలో రొయ్యల గుంటలకు మేత తోలే బండి ఒకటి తిరిగేది. దాని క్లచ్ పెడలు దిగిపోతూ ఉంటే, "ఆయిల్ తగ్గుంటాది, పొయ్యి" అని ఎవరో డ్రైవరు కుర్రవానికి సలహా చెప్పారు. అతడు అంగడికి పోయి ఆయిల్ అడిగాడు. ఇంజను ఆయిల్ ఇచ్చారు. పోశాడు. ఏది పోయాలో డబ్బా మూతమీద అచ్చువేసే ఉంది, ఆంగ్లంలో! కొద్ది రోజులకే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోయాయి. ఆ బండిలో బ్రేకుకూ క్లచ్చుకూ డబ్బా ఒకటే. దైవవశాత్తు ప్రాణాపాయం తప్పింది గాని, మరమ్మతు ఖర్చు మాత్రం అతని జీతంలో నెలనెలా కోశారు. ఆ కుర్రవాడు నా దగ్గర పదో తరగతి దాకా తెలుగు చదువుకొన్నవాడు. తప్పులేకుండా చదవగలడు. చదవడానికి అక్కడ తెలుగు లేదు.

ఇంతకూ ఆ యంత్రంలో తెలుగుకు లొంగని రహస్యమేమున్నది? పెడలు తొక్కితే పై సిలిండరులోని పిస్టను ద్రవాన్ని నెడుతుంది. ఆ ద్రవం సన్నని గొట్టంగుండా పోయి కింది సిలిండరులోని పిస్టనును నెడుతుంది. అది క్లచ్ ఫోర్కును తోస్తే, క్లచ్ ప్లేటుమీద బిగింపు సడలి ఇంజనుకూ గేర్లకూ నడుమ పట్టు విడుతుంది. ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో గాలి చేరితే మన కాలి బలమంతా దాన్ని నొక్కడానికే సరిపోయి కిందిదాకా చేరదు. పెడలు మెత్తబడుతుంది, గేరు పడదు. ఇదంతా చెప్పడానికి నాకు కొత్త మాట ఒక్కటైనా పుట్టించవలసి వచ్చిందా?

గడచిన కార్తికంలో మా కారుకూ ఈ జబ్బే వచ్చింది. సర్వీసు కేంద్రం వారు చూసీ చూడకముందే మొత్తం సరంజామా మార్చాలన్నారు. షెడ్డు పెట్టుకొన్న నా పాత శిష్యుడొకడు వచ్చి కింద చెయ్యి పెట్టి తడిమి, "కారడం లేదు సార్. గాలి పట్టుండాది, తీస్తే సరిపోతాది" అన్నాడు. ఇంటి ముంగిట్లోనే ఇద్దరం తీశాము. డబ్బాలో ద్రవం నింపి, కింది సిలిండరు నిపిలుకు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని కొస సీసాలో కొద్దిగా పోసిన అదే ద్రవంలో ముంచాడు. నేను పెడలు మెల్లగా తొక్కి పట్టుకొంటాను. అతడు నిపిలు వదులు చేస్తాడు. బుడగలు వస్తాయి. అతడు బిగించిన తరువాతే నేను కాలు తీయాలి. ముందే తీశానా, బయటి గాలిని అది మళ్ళీ పీల్చుకొంటుంది. డబ్బా అడుగంటకుండా మధ్యమధ్య ద్రవం పోస్తూ, బుడగలు ఆగేదాకా ఇదే వరస. ముప్పావు గంట పట్టింది.

తీసిన కొద్ది రోజులకే పెడలు మళ్ళీ దిగితే ఎక్కడో కారుతున్నదని అర్థం. పెడలు వెనుక తడి ఉంటే పై సిలిండరు, కింది రబ్బరు టోపీలో తడి ఉంటే కింది సిలిండరు అనుమానించాలి. కొన్ని బండ్లలో కింది సిలిండరు గేరుబాక్సు లోపలే ఉంటుంది. దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. మారుతి 800 వంటి బండ్లలో క్లచ్చుకు తీగే గాని ద్రవం లేదు, వారికి ఈ గొడవే లేదు.

ఇక తెలుగు చాలదనే వారిని విడిచి, ప్రతి మాటనూ తెనిగించాలనే వారి దగ్గరికి వస్తాను. ఒకప్పుడు నేనూ ఆ గుంపులోవాణ్ణే. హైడ్రాలిక్ క్లచ్చుకు 'జలచాలిత సంయోజకం' అని రాసుకొని మురిసిపోయిన రోజులున్నాయి. హైడ్రాలిక్ అనే మాటకు గ్రీకులో మూలం నీరు, గొట్టం అనేవే కనుక వ్యుత్పత్తి చక్కగా కుదిరింది. కాని నా మాట నమ్మి ఎవడైనా అందులో నీళ్ళు పోస్తే? ఆ ద్రవానికి పరమ శత్రువు నీరే! గాలిలోని చెమ్మను అది తానై పీల్చుకొంటుంది. డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. నూటికి 3.7 పాళ్ళు నీరు చేరిన స్థితికి ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. చేరిన నీరు సిలిండరును లోలోపల తుప్పు పట్టిస్తుంది. కోడూరు, మైపాడు గాలి ఎటువంటిదో మా ఇళ్ళ కిటికీ చువ్వలను అడగండి.

అట్లాగని షెడ్డు మాటలన్నీ వేదవాక్కులని నేననను. అందరూ వాడే 'బ్రేక్ ఆయిల్' అనే మాటే ఆ కుర్రవాణ్ణి ముంచింది. అది పేరుకే ఆయిల్, ఇంజను ఆయిల్ జాతి కాదు. 'గాలి పట్టడం', 'గాలి తీయడం' అనే మాటలు మాత్రం ఏ పండితుడూ ఇవ్వలేనంత సూటిగా ఉన్నాయి. చెయ్యి పెట్టినవాడి నోట మాట పుట్టాలి, చదువుకొన్నవాడు దాన్ని తరచి చూడాలి. ఈ దారి మనకు కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోట విన్న మాటలను పోగుచేయించి, 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వెలువరించారు. 1971లో చేనేత మాటలకూ అట్లాంటి కోశం వచ్చింది. కాడికీ మగ్గానికీ దక్కిన ఆ మర్యాద రింగు స్పానరుకు ఎందుకు దక్కకూడదు?

కంపెనీల సంగతి సరేసరి. విడిభాగాలనూ మరమ్మతు సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు అందనీయడం లేదని, 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. వాటిపై అప్పీళ్ళూ నడిచాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం సంఘాన్ని వేసి, ఆ డిసెంబరులో పోర్టలునూ తెరిచింది. వాహనాలు అందులో ఒక రంగం. సంతోషమే. కాని చదవలేని భాషలో ఇచ్చిన సమాచారం ఇచ్చినట్లా, దాచినట్లా?

మూత అంత చిన్నది, అన్ని భాషలు ఎట్లా పడతాయంటారా? బండి ఏ జిల్లాలో అమ్ముతున్నారో తెలిసినవారికి ఒక చీటీ అంటించడం కష్టమా? "ఇంజను ఆయిల్ పోయవద్దు. నీరు తగలనీయవద్దు. డాట్ 3 గాని డాట్ 4 గాని, బండికి చెప్పినదే పోయండి." ఈ మూడు వాక్యాలు రాయడానికి పండితుడు కూడా అక్కరలేదు. అవి అక్కడ ఉండి ఉంటే, ఆ కుర్రవాని జీతం వాని ఇంటికే చేరి ఉండేది.