అన్నమనగా వరియేనా?

తెలుగువారు ఒకరినొకరు కలిసికొన్నపుడు అడుగు కుశలప్రశ్నలలో “అన్నము తిన్నారా?” అనునది ముఖ్యమైనది. జొన్నరొట్టెలు కడుపునిండ తిన్నవాడును దీనికి “అన్నము తినలేదు, రొట్టెలు తింటిని” అని చెప్పును. వరిమెతుకు కంఠము దిగనిదే భోజనమైనట్లు మన మనస్సు ఒప్పుకొనదు. ఈ భ్రమను ఖండించుటయే మా యుద్దేశము.

ముందుగా శబ్దమును విచారింతము. అన్న శబ్దము ‘అద్’ ధాతువునుండి పుట్టినది. తినబడునది యని దాని యర్థము. ఉడికిన బియ్యమునకు సంస్కృతమున ఓదనమని వేరు పేరు కలదు. మన వాడుకలోను జొన్నన్నము, కొర్రన్నము అను మాటలు నేటికిని ఉన్నవి. వరికి మాత్రమే విశేషణము అక్కరలేకపోయినది. రాయలసీమలో రాగిసంకటి, తెలంగాణములో జొన్నగటక, ఉత్తరాంధ్రమున చోడి అంబలి తరతరములను పోషించినవి. వాని నన్నిటిని త్రోసివేసి, ఆహారమాత్రమునకు చెల్లు పేరును ఒక్క ధాన్యమునకు కట్టబెట్టినవారము మనమే.

గత సంవత్సరము మేము ఒక మండలము, అనగా 40 దినములు, వరిని పూర్తిగా మానితిమి. ఇడ్డెనలు, అట్లు, అటుకులు మొదలగు దాని మారువేషములను సైతము విడిచితిమి. పగలు జొన్నరొట్టె, రాత్రి కొర్రన్నమో సంకటియో తింటిమి. పప్పు చవి చెడలేదు. ఆవకాయ ఘాటు తగ్గలేదు. మజ్జిగన్నము లేని ముగింపు మాత్రము కొన్నాళ్లు వెలితిగా తోచెను. నాలుక రెండు వారములలో సమాధానపడెను గాని బంధువులు నలువది దినములకును సమాధానపడలేదు. “చక్కెర జబ్బా?” అని ఒకరు, “ఇంత పిసినారితనమా?” అని వేరొకరు అడిగిరి. ఒక పెండ్లిపంక్తిలో అన్నము వద్దనగా గృహస్థు అది తనకు జరిగిన అవమానముగా భావించెను. వరిని మనము రుచికొరకే ప్రేమించుచున్నచో ఒకడు దానిని మానుట ఇంకొకనికి అవమానమేల కావలెను? తెల్లని మెతుకు మనకు ఆహారము మాత్రమే కాదు, హోదా. ఒక్కని దేహమున నలువది దినములలో కలిగిన మార్పు శాస్త్రప్రమాణము కాదు గనుక మా నడుము కొలత ఎంత తగ్గెనో యిచట చెప్పము.

“ఇది తాతలనాటి యాహారము గదా!” అందురు. ఏ తాతలనాటిది? శ్రీనాథుని పేర చెల్లుచున్న చాటువులు పలనాటి జొన్నకూటిని ఆక్షేపించుచున్నవి. ఆక్షేపించుటకైనను అది అచట నిత్యాహారమై యుండవలెను గదా! గోదావరి డెల్టాలో వరి యింతగా విస్తరించినది 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదపనే. ఆ తాతలు తిన్న దంపుడు బియ్యముపై కొంత తవుడైనను మిగిలెడిది. మర వచ్చి దానిని తుడిచివేసెను. మరబియ్యము తిన్న కోళ్లకు బెరిబెరివంటి జబ్బు కలుగుటను 1890 తరువాతి సంవత్సరములలో జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు గుర్తించెను. 1929లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ బెరిబెరియే ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మన ఉత్తర సర్కారులను పీడించెను. తెల్లదనమునకు మనము చెల్లించిన వెల యది.

“వరిలోనే బలము” అనువారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలను చూతురు గాక. నూరు గ్రాముల రాగులలో కాల్షియము 364 మిల్లీగ్రాములు. మరబియ్యములో ఎనిమిదికి లోపే. పీచు జొన్నలలో పది గ్రాములు, మరబియ్యములో మూడైనను లేదు. మన దేశమున మధుమేహులు పదికోట్లకు మించిరని 2023లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను. అట్లని జొన్న దివ్యౌషధము కాదు, అదియు పిండిపదార్థమే. గంపెడు తినువానికి ఏ ధాన్యమును మేలు చేయదు.

ఇక పేదల మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినపుడు, పండుగనాడే తెల్లన్నము చూచిన ఎన్నో యిండ్లలో అది నిత్యభోజనమైనది. అది న్యాయమైన పని. వరిని తమ గాదెలలో నింపుకొని కూలివారికి జొన్నలు కొలిచిన వారి మనుమలే నేడు ఆ కూలివాని మనుమనికి చిరుధాన్యముల మహిమ బోధించుచున్నారు. ఇంతకంటె సిగ్గుచేటు కలదా? వ్రతము గాదెలు నిండిన యింట మొదలు కావలెను.

అచటను అది గృహిణి నెత్తిన పడరాదు. పురుషుడు వ్రతము పట్టి, స్త్రీచేత రెండు వంటలు చేయించుట సంస్కరణము కాదు. పిండిని వేడినీటితో మర్దించి, చేతితో తట్టి, తడి యద్దుచు కాల్చుట ఓర్పుతో కూడిన పని. మేము దానిని నేర్చుకొంటిమి. మా రొట్టె నేటికిని గుండ్రముగా రాదు. విరుగకుండ మాత్రము వచ్చును.

మేము వరికి శత్రువులము కాము. దాని సింహాసనమునకే శత్రువులము. పాఠకులారా, ఒక్క మాసము మీరును పరీక్షింపుడు. మందులు వాడువారు మాత్రము ముందుగా వైద్యుని సలహా పొందుడు. మీ యింట జరుగబోవు శుభకార్యమున ఆకులో మొదట జొన్నరొట్టె వడ్డింపుడు. పరువు పోవునని తోచినచో, ఇంతకాలము మీరు తినుచున్నది అన్నమో పరువో ఆలోచించుకొనుడు.