గడ్డిని తగలబెట్టొద్దు, వేయిద్దాం!

దుబాయ్‌లో మా వీధిలో ఏటా ఖర్జూర చెట్ల ఎండు మట్టలు నరికి లారీలకెత్తుతారు. అది చూసినప్పుడల్లా నాకు వరంగల్ దగ్గర మా పొలంలో పత్తి కట్టె తగలబెట్టిన పొగ గుర్తొస్తుంది. పోయినసారి ఫోన్లో "ఎందుకు కాలుస్తున్నవు నాన్నా?" అంటే, "పీకించి మోయించే కూలీ నువ్విస్తవా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరునే అయినా, ఎం.ఎస్. చదివే రోజుల్లో 'టోరిఫాక్షన్' గురించి విన్నాను. కాఫీ గింజలు వేయించినట్టే పంట వ్యర్థాలను గాలి తగలకుండా 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడిలో వేయించడమన్నమాట. బరువు సుమారు 70 శాతానికి తగ్గుతుంది, శక్తి మాత్రం 90 శాతం దాకా మిగులుతుంది. తేమ పట్టదు, బొగ్గులా సులువుగా పొడి అవుతుంది.

మరి వాడేదెవరు? ఇక్కడ బొగ్గు కోసం కట్టిన హస్యాన్ విద్యుత్ కేంద్రాన్ని 2022లోనే గ్యాస్‌కు మార్చేశారు. మనకు మాత్రం రామగుండం, సింహాద్రి బొగ్గుతోనే నడుస్తున్నాయి. బొగ్గులో 5 శాతం బయోమాస్ పెల్లెట్లు కలపాలని కేంద్రం 2021 అక్టోబరులో విధానం కూడా తెచ్చింది. అంటే కొనేవాళ్ళున్నారు.

అయితే ఒక చిక్కుంది. వరిగడ్డిలో సిలికా, పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. వేయించినా ఆ బూడిద పోదు, బాయిలర్ గొట్టాలకు అట్టలు కడుతుంది. అందుకే పత్తి కట్టె, కంది కట్టెతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

అంతకంటే పెద్ద చిక్కు మా నాన్న అడిగిందే. లారీ నిండా కట్టె వేస్తే సగం పైగా గాలే. దూరం మోస్తే డీజిలు ఖర్చుకే సరి. యంత్రం నాలుగైదు ఊళ్ళ మధ్యనే ఉండాలి, తరువాతి పంటకు దున్నేలోపే కట్టె చేలోంచి కదలాలి, రైతుకు కూలీ పోను నాలుగు డబ్బులు మిగలాలి.

సొంతూరికి ఏదైనా చేద్దామనుకునే మన మిత్రులకు నాదొక మనవి. ఇలాంటి ప్రాజెక్టులో పెట్టుబడి అడిగితే, యంత్రం ధర తరువాత అడగండి. టన్ను కట్టెకు రైతు చేతికి ఎంత ఇస్తారో ముందు అడగండి. దానికి జవాబుంటేనే పొగ ఆగుతుంది.