డాక్టరుగారి పేజీ: ముందు నీళ్ళు, తర్వాత యాసిడ్

మొన్న ఆదివారం మన సభ్యుల అమ్మాయి ఒకతె మాకు ఫోను చేసింది. ఇక్కడి హైస్కూల్లో పదకొండో తరగతి. "అంకుల్, గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో ఒక మోలార్ ద్రావణం లీటరు చెయ్యాలి. నాకు 99 మిల్లీలీటర్లు వచ్చింది. టీచరు తప్పన్నారు" అంది.

తప్పెక్కడో వెంటనే తెలిసింది. మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరంలో మేమూ అదే తప్పు చేశాం మరి! సీసా మీద 37 శాతం అని రాసి ఉంటుంది. అది 100 మిల్లీలీటర్లకు కాదు, 100 గ్రాములకు. ఈ యాసిడ్ నీటికన్నా బరువు. లీటరు 1190 గ్రాములు తూగుతుంది. అందులో 37 శాతమంటే 440 గ్రాములు. దాన్ని అణుభారం 36.46తో భాగిస్తే సుమారు 12.1. అంటే సీసాలో ఉన్నది 12.1 మోలార్. ఇక 1000ని 12.1తో భాగిస్తే దాదాపు 83 మిల్లీలీటర్లు. కావలసింది అంతే.

ఇండియాలో చదివిన డాక్టర్లకు హిమోగ్లోబిన్ చూసే సాలీ గొట్టం గుర్తుండే ఉంటుంది. అందులో పోసే ఎన్ బై టెన్ యాసిడ్‌కూ ఇదే లెక్క, లీటరుకు 8.3 మిల్లీలీటర్లు. హైడ్రోక్లోరిక్‌కు మోలారిటీ, నార్మాలిటీ ఒకటే. సల్ఫ్యూరిక్‌కు అలా కాదు, ఒక మోలార్ అంటే రెండు నార్మల్.

అమ్మాయి లెక్క సరిచేసుకుని, "అయితే 83 మిల్లీలీటర్లు కొలిచి, దాని మీద నీళ్ళు పోస్తాను" అంది. మాకు గుండె ఝల్లుమంది!

గాఢ యాసిడ్ మీద నీళ్ళు పడితే వేడి పుట్టి మొహం మీదికి చిమ్ముతుంది. సల్ఫ్యూరిక్ అయితే మరీ ప్రమాదం. ముందు పాత్రలో సగానికి పైగా నీళ్ళు పొయ్యాలి. అందులో యాసిడ్ కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. చల్లారాక లీటరు గీత దాకా నీళ్ళు నింపాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పొగలు పీల్చకూడదు.

కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి, ఆస్పత్రికి పరుగెత్తండి. సోడా ఉప్పు వెయ్యకండి. పొరపాటున మింగితే వాంతి చేయించకండి.

ఈత కొలను కోసం గరాజులో దాచే మ్యూరియాటిక్ యాసిడ్ కూడా ఇదేనండోయ్! బ్లీచుతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టకండి.

లెక్క తప్పితే మార్కులు పోతాయి. వరస తప్పితే కన్ను పోతుంది. పిల్లలకు రెండూ చెప్పండి. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.