చిత్రిక పట్టాల్సింది చెవితో
మా వీధి మలుపులో వడ్రంగి టేకు బద్ద మీద చిత్రిక తోస్తూ రెండో తోపుకే ఆపేశాడు. బద్దను తిప్పి అటు కొస నుంచి మొదలుపెట్టాడు. నాకేమీ కనిపించలేదు, ఆయనకు వినిపించింది. నార వాలుకు ఎదురుపోతే చిత్రిక కరకరమంటుంది, చెక్క పెచ్చులుగా లేస్తుంది. వాలు వెంట పోతే పట్టుచీర మడత విప్పినట్టు సరసరమంటుంది. అందుకే నా వాదన: ఈ పనిలో ముందు పదును పెట్టుకోవాల్సింది చెవికి. చప్పుడు మారగానే కొత్తవాళ్లు భుజబలం పెంచుతారు. చెడేది అక్కడే. ఆ చప్పుడు అడిగేది బలం కాదు. బద్ద తిప్పమంటుంది, లేదా బ్లేడును వెంట్రుకవాసి వెనక్కి తీయమంటుంది, అదీ కాకుంటే సానరాయి దగ్గరికి పొమ్మంటుంది. చేతి బరువుకూ ఒక వరస ఉంది: తోపు మొదట్లో ముందు చెయ్యి, చివర్లో వెనక చెయ్యి నొక్కాలి, లేకుంటే కొసలు అరిగి నడుమ గూని మిగులుతుంది. కరెంటు చిత్రిక చకచకా నున్నగా చేస్తుంది, కాదనను. కానీ ఆ హోరులో చెక్క మాట వినపడదు. దేన్నైనా 'చిత్రిక పట్టాం' అని రోజూ రాసుకునే మా పత్రికల వాళ్లమూ ఎదురునార తగలగానే ఇంకాస్త గట్టిగా నొక్కే రకమే. బద్ద తిప్పి చూడటం మాకూ రావాలి.